బ్రాంచి ఏదైనా ఆఫర్ లెటర్ ఒకటే

హైదరాబాద్ మాదాపూర్‌లో హైటెక్ సిటీ తొలి భవనం సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. 2008లో ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక ఇంజనీరింగ్ సీటు మామూలు ఇళ్లకూ అందింది. అప్పటి నుంచి కౌన్సెలింగ్ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ అదే లెక్క: ఏ బ్రాంచికి ఎంత ప్యాకేజీ? కానీ హైటెక్ సిటీలో జీతాన్ని తేల్చేది బ్రాంచి కంటే ఎక్కువగా కంపెనీ రకం.

పెద్ద సర్వీసు కంపెనీలు క్యాంపస్‌లకు వచ్చి గంపగుత్తగా తీసుకుంటాయి. పరీక్ష గట్టెక్కితే చాలు, సీఎస్‌ఈ అయినా మెకానికల్ అయినా తొలి జీతం ఒకటే: ఏడాదికి మూడున్నర లక్షలు, కాస్త అటూఇటూగా. పదేళ్లకు పైగా ఆ అంకె దాదాపు అక్కడే ఉంది. కొండాపూర్ హాస్టల్ అద్దెలు మాత్రం ఆగలేదు. అయితే కోడింగ్‌లో గట్టివాళ్లను, బ్రాంచి ఏదైనా, అవే కంపెనీలు ఏడు లక్షలకో, అంతకు మించో తీసుకుంటాయి.

బ్రాంచికి విలువ కనిపించేది ప్రోడక్టు కంపెనీల గుమ్మం దగ్గర. మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్ వంటి చోట్ల ఫ్రెషర్ ప్యాకేజీ పాతిక లక్షలు దాటవచ్చు. ఆ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం సీఎస్‌ఈ వాళ్లవే. అయితే ఆ అంకెలో షేర్లు, జాయినింగ్ బోనస్ కూడా కలిసి ఉంటాయి.

ప్యాకేజీ వేరు, చేతికొచ్చేది వేరు. 3.6 లక్షలంటే నెలకు 30,000 అనుకుంటారు. బేసిక్ 15,000 అయితే ఉద్యోగి పీఎఫ్ 1,800, కంపెనీ పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 720 దాకా, వృత్తి పన్ను 200 పోతాయి. మిగిలేది 25,500 లోపే. ఇన్సూరెన్సు, ఏడాది చివర వచ్చే వేరియబుల్ పే కూడా ఇందులోంచి తీసేస్తే ఇంకా తగ్గుతుంది. బంధువులకు చెప్పేది మాత్రం మొదటి అంకే.

ఇంజనీరింగ్ చదవనివాళ్లకూ ఈ ఐటీ కారిడార్‌లో చోటుంది. బీకాం వాళ్లను అమెరికా ట్యాక్సు, ఆడిట్ పనులకు తీసుకుంటారు. అమెరికా రిటర్నుల ఏప్రిల్ 15 గడువు దాటేదాకా వాళ్లకు ఇల్లు గుర్తుండదు. మొదట్లో జీతం తక్కువే అయినా సీఏ పూర్తిచేస్తే ఇంజనీరును దాటిపోవచ్చు. బీఎస్సీ, బీసీఏ వాళ్లకు జీతమిస్తూనే ఎంటెక్ చదివించే విప్రో పథకం లాంటివి ఉన్నాయి. ఫార్మసీ వాళ్ల దారి మాత్రం శామీర్‌పేట వైపు, ఫార్మా, బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీకి పోతుంది. అక్కడి తొలి జీతం ఐటీలో ఆశించేంత ఉండదు. సివిల్, మెకానికల్ వాళ్లలో చాలామంది సొంత రంగంలోని జీతం చూసి అమీర్‌పేట మైత్రీవనం దగ్గర సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరి ఐటీకే వస్తారు.

అసలు పెరుగుదల మొదటి ఉద్యోగంలో రాదు. రెండు మూడేళ్ల అనుభవంతో కంపెనీ మారినప్పుడే జీతం ఒక్కసారిగా ఎగబాకుతుంది. అప్పుడు ఫోన్ చేసే హెచ్‌ఆర్ సాధారణంగా అడిగేవి నాలుగు: టెక్నాలజీ ఏంటి, ఎన్నేళ్లు, ఇప్పుడెంత వస్తోంది, నోటీసు పీరియడ్ ఎన్నాళ్లు.