వెలుగు చేరని చోట వండుకునే జీవులు

సూరత్ దగ్గర డుమస్ తీరానికి వెళ్తే కనిపించేది నీలి సముద్రం కాదు, బురద రంగు నీరు. నదులు తెచ్చే ఒండ్రును ఖంభాత్ సింధుశాఖలోని భారీ ఆటుపోట్లు అడుగు నుంచి కలిపేస్తూ ఉంటాయి. ఇక్కడి సముద్రం చాలా చోట్ల 30 మీటర్ల లోతు కూడా ఉండదు. ఈ పడమటి తీరం ఎదుట ఖండతీరపు అంచు 300 కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. అందుకే హజీరా ప్లాంటుకు గ్యాస్ పంపే బసీన్ క్షేత్రం తీరానికి ఎంత దూరంగా ఉన్నా, అక్కడి లోతు 100 మీటర్లు దాటదు.

తూర్పున పరిస్థితి వేరు. ఆంధ్ర తీరంలో ఈ అంచు చాలా చోట్ల 50 కిలోమీటర్ల లోపే ముగుస్తుంది. ఆ తర్వాత నేల వాలుగా దిగిపోతుంది. ఆ వాలులోనే, కృష్ణా-గోదావరి బేసిన్‌లో, మన శాస్త్రవేత్తలకు 2018లో ఒక వింత లోకం దొరికింది.

అంతస్తులవారీగా సముద్రం

సముద్రాన్ని లోతును బట్టి మండలాలుగా విభజిస్తారు. పైనున్న 200 మీటర్లు కాంతి మండలం. కిరణజన్య సంయోగక్రియ జరిగేది ఇక్కడే. నీరు ఎరుపు కాంతిని ముందుగా పీల్చుకుంటుంది. నీలం అన్నిటికంటే లోతుకు చేరుతుంది. 200 నుంచి 1000 మీటర్ల వరకు సంధ్యా మండలం. అరేబియా సముద్రంలో ఈ మండలంలో ఆక్సిజన్ చాలా తక్కువ. అయినా లాంతరు చేపలు పగలంతా అక్కడే దాక్కుని, రాత్రి మేతకు పైకి వస్తాయి.

1000 మీటర్లు దాటితే సూర్యకాంతి జాడ ఉండదు. 4000 మీటర్ల వరకు చీకటి మండలం, 6000 వరకు అగాధ మండలం, ఆపైన మహా కందకాలు. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైనుంచి రాలే చచ్చిన ప్లవకాలు, వ్యర్థాలే అక్కడి జీవుల్లో ఎక్కువ వాటికి ఆహారం.

మీథేన్ ఊట దగ్గర

ఈ నియమానికి మినహాయింపులు ఉన్నాయి. 1977లో గాలపగోస్ దీవుల దగ్గర వేడినీటి ఊటల చుట్టూ, 1984లో మెక్సికో సింధుశాఖలో చల్లని ఊటల చుట్టూ జీవులు గుంపులుగా కనిపించాయి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 'సింధు సాధన' నౌకపై వెళ్లి కృష్ణా-గోదావరి బేసిన్‌లో కనుగొన్నది అలాంటి చల్లని ఊటనే. భారత ప్రత్యేక ఆర్థిక మండలిలో చురుకైన మీథేన్ ఊటను నమోదు చేయడం అదే మొదటిసారి. లోతు సుమారు 1750 మీటర్లు. అక్కడ బొటనవేలి గోరంత చోటు మీద ఒకటిన్నర క్వింటాళ్లకు పైగా బరువు పడుతుంది.

ఆ చీకట్లో వంట చేసేది సూక్ష్మజీవులు. కొన్ని సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటు సాయంతో మీథేన్‌ను ఆక్సీకరిస్తాయి. అప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. ఆల్చిప్పల మొప్పల్లో, గొట్టపు పురుగుల ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా ఆ సల్ఫైడ్‌నో, నేరుగా మీథేన్‌నో వాడుకుని ఆహారం తయారుచేస్తాయి. ఇలాంటి గొట్టపు పురుగులకు నోరూ ఉండదు, పేగులూ ఉండవు. అలాగని సూర్యుడితో బంధం పూర్తిగా తెగిపోలేదు. వీటికి కావలసిన ఆక్సిజన్ ఒకప్పుడు పైనున్న వెలుగులో పుట్టిందే.

ఈ సూక్ష్మజీవులు మనకూ మేలు చేస్తున్నాయి. మీథేన్ 100 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు మించి భూమిని వేడెక్కిస్తుంది. అడుగు నుంచి వచ్చే మీథేన్‌లో చాలా భాగాన్ని ఇవి అక్కడే ఆపేస్తున్నాయి.

తవ్వే ముందు

ఇదే బేసిన్‌లో మంచులాంటి గ్యాస్ హైడ్రేట్ల నిల్వలను 2006, 2015 యాత్రల్లో గుర్తించారు. ఒక ఘనమీటరు హైడ్రేటు నుంచి దాదాపు 160 ఘనమీటర్ల గ్యాస్ వస్తుంది. ఇంధనాన్ని దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న ఆశ కాదు. కానీ పీడనం తగ్గించి గ్యాస్ తీస్తే అడుగు మట్టి కుంగవచ్చు, మీథేన్ ప్రవాహం దారి మళ్లవచ్చు. అప్పుడు ఊట మీద బతికే జీవులకు తిండి పోతుంది. లోతు సముద్రంలో చాలా జీవులు నెమ్మదిగా పెరుగుతాయి. చెదిరిన లోకం మళ్లీ కుదురుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

కేంద్రం 2021లో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో ఖనిజాల వెలికితీతకూ, లోతు సముద్రపు జీవవైవిధ్య పరిశీలనకూ చోటుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేస్తున్న 'మత్స్య 6000' ముగ్గురిని 6000 మీటర్ల లోతుకు తీసుకెళ్లేందుకు ఉద్దేశించింది. 1750 మీటర్లు దానికి సగం లోతు కూడా కాదు. డ్రిల్లింగ్ యంత్రాలు దిగేలోపు ఆ వాలు మీద ఏ జీవి ఎక్కడ ఉందో జాబితా తయారు కావాలి. అది లేకపోతే, రేపు ఏం పోగొట్టుకున్నామో లెక్క చెప్పడానికి కూడా వీలుండదు.