పాట వినిపించే పెట్టెలు

పాటను మనమందరం వింటాం. అయితే పాటతో పాటు, దానిని వినిపించే యంత్రాన్ని కూడా వినేవారు కొందరున్నారు. సికింద్రాబాదులో మేము ఎరిగిన ఒక పెద్దాయన అటువంటివారు. రైల్వేలో సిగ్నళ్ల శాఖలో పని చేసి రిటైరయ్యారు. వయస్సు 78 ఏండ్లు. జీతంలో మిగిలినదీ, మిగలనిదీ కూడా ఆంప్లిఫయర్లకే పెట్టారని వారి భార్య అంటారు, నవ్వుతూనే.

వారి ముందుగదిలో రెండు సెట్లున్నాయి. పాతది 1978లో, స్వదేశానికి తిరిగి వెళ్తున్న ఒక విదేశీ ఇంజనీరు వద్ద కొన్నది. ఇంగ్లాండులోని స్విండన్‌లో తయారైన గారార్డ్ 301 రికార్డు ప్లేయరు, క్వాడ్ కంపెనీ వాల్వు ఆంప్లిఫయర్లు రెండు, ఆ కంపెనీవే స్పీకర్లు. కొత్తది అమెరికాలో ఉన్న కుమారుడు పంపినది. ఇటుకంత ఆంప్లిఫయరు, నిలువుపాటి సన్నని స్పీకర్లు. రికార్డూ లేదు, డిస్కూ లేదు. పాట ఇంటర్నెట్టులో వస్తుంది.

ఆ పాత స్పీకరును గూర్చి కొంత చెప్పాలి. మనం చూసే స్పీకర్లలో గరాటు వంటి అట్ట, వెనుక అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఇందులో అవేవీ లేవు. రంధ్రాలున్న పలకల నడుమ తలవెంట్రుక కంటె పలుచని ప్లాస్టిక్ పొర, దానికి కొన్ని వేల వోల్టుల విద్యుత్తు. పాటను బట్టి ఆ పొర ముందుకూ వెనుకకూ కదులుతుంది. బరువు దాదాపు లేదు గనుక ఆగవలసిన చోట వెంటనే ఆగుతుంది. పీటర్ వాకర్ అనే ఆయన 1957లో దీనిని అమ్మకానికి తెచ్చారు. 1985 వరకు తయారైంది. సుశీల గారి పాత పాట ఒకటి పెట్టి మమ్మును కూర్చోబెట్టారు. చరణానికి ముందు ఆమె ఊపిరి తీసుకోవడం మాకు వినబడింది.

లోపాలు లేవని కాదు. డోలు దెబ్బ పడితే కొత్త స్పీకరుదే పైచేయి. పాతది ఆ లోతుకు దిగలేదు. శబ్దం పెంచితే పొర దెబ్బ తింటుంది. దుమ్మూ తేమా దానికి పడవు, వానకాలంలో చిటపటలాడుతుంది. రికార్డు ప్లేయరుకైతే మోటారు తిప్పే ఒక రబ్బరు చక్రమే ప్రాణం. అది గట్టిపడితే పాట వెనుక సన్నని గుడగుడ మొదలవుతుంది. కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి కండెన్సర్లు తెచ్చుకొని, తానే టంకం పెట్టి, ఇన్నేండ్లు నడుపుకొచ్చారు. కొత్త పెట్టెలో చిప్పు పోతే ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

అసలు సంగతి వేరే. మూడేండ్ల క్రితం డాక్టరు చెవులు పరీక్షించి, సన్నని శబ్దాలు ఇక వినబడవని చెప్పారు. ఆరోగ్యమైన లేత చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనాల వరకు పట్టగలదు. వయస్సుతో పై భాగం తగ్గుతూ వస్తుంది; లోపలి చెవిలో నశించిన రోమ కణాలు మళ్లీ పుట్టవు. బ్రతుకంతా శబ్దం వెంట తిరిగినవారికి ఇది ఎంత కష్టమో చదువరులు ఊహించగలరు. ఆయన కొన్నాళ్లు సెట్టు ముట్టలేదట. తర్వాత భార్యను పిలిచి, "నాకు బదులు నువ్వు విని చెప్పు" అన్నారట.

ఆమె గోదావరి జిల్లా పల్లెటూరి మనిషి, చిన్ననాట గాయక బృందంలో పాడినవారు. ఆయన మధ్యలో దుప్పటి తెరగా కట్టి, రెండు సెట్ల శబ్దమూ మీటరుతో సమానం చేశారు. ఏది కాస్త గట్టిగా వినబడితే అదే బాగుందని చెవి మోసపోతుంది గనుక ఇది ముఖ్యం. ముందు స్పీకర్లు అవే ఉంచి ఆంప్లిఫయర్లు మాత్రం మార్చారు. ఆమె చెప్పినవి సగం సరి, సగం తప్పు. అంటే తేడా తెలియలేదన్న మాట. తర్వాత స్పీకర్లు మార్చారు. ఒక్కసారీ తప్పలేదు. "ఇది మనిషి, అది పెట్టె" అన్నారట.

దీనిని బట్టి చూస్తే వేలు పోసి లావుపాటి తీగలు కొనేవారిని చూసి మేము జాలిపడతాం. డబ్బు పెట్టవలసింది స్పీకరుకు. ఆ తర్వాత గదికి. మన మందిరాలకు మైకు సెట్టు కొనబోయే సంఘ పెద్దలు ముందుగా లోపల నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. ఆ చప్పుడు గోడల మధ్య మోగుతూ ఉంటే పెద్ద ఆంప్లిఫయరు తెచ్చినా మాటలు తెలియవు. మైకు కూత పెడుతుంటే స్పీకర్లను మైకు కంటె ముందుకు జరపండి. దానికి ఖర్చు లేదు.

ఈ సంవత్సరం వారి ఇల్లు బిల్డరుకు ఇచ్చేశారు. చిన్న ఫ్లాటుకు మారాలి. పాత సెట్టు అమ్మేయమని కుమారుడు ఫోనులో చెప్పాడు. మద్రాసు నుండి ఒకాయన వచ్చి మంచి ధర కూడా పలికాడు. చెవులే లేనప్పుడు ఎందుకని పెద్దాయన ఒప్పుకున్నారు. అడ్డుపడింది ఆమె. "మీకు వినబడకపోతే నేను చెప్తాను గదా!" అన్నారు.

ఆ స్పీకరు వెనుకకు కూడా మోగుతుంది గనుక గోడకు గజం ఎడంగా నిలపాలి. కొత్త గది పది అడుగులు, పన్నెండు అడుగులు. మేము వెళ్లిన రోజున టేపు పట్టుకొని ఇద్దరూ కొలుస్తున్నారు. మంచం ఎటు జరపాలన్నది ఇంకా తేలలేదు.