తిరగబడ్డ గళ్ల బట్ట

స్కర్టు పొట్టిగా ఉందని మందలించే టీచర్లు ఏ దేశంలోనైనా ఉంటారు. 1970ల జపాన్‌లో మాత్రం స్కర్టు మరీ పొడుగైపోయిందన్నది బడుల ఫిర్యాదు. ‘సుకెబాన్’లుగా పేరుపడ్డ అమ్మాయిల ముఠాలు నావికుల కాలరుండే యూనిఫాం పైచొక్కాను పొట్టిగా కత్తిరించి, స్కర్టును చీలమండల దాకా దించేవి. బయట మినీ స్కర్టులు జోరుగా నడుస్తున్న రోజులవి. అటు బడి మాటా, ఇటు బజారు మాటా రెండూ వినేది లేదని ఆ పొడుగు స్కర్టే చాటింది.

1980ల్లో అక్కడి చాలా బడులు బ్లేజరు, గళ్ల స్కర్టుకు మారాయి. పాతవాటిలా ఇష్టమొచ్చినట్టు కత్తిరించుకోవడం కుదరదన్నది ఆ మార్పుకు చెప్పే కారణాల్లో ఒకటి. 1990ల అమ్మాయిలకు కత్తెరతో పనే పడలేదు. నడుం దగ్గర మడతలు పెట్టి స్కర్టును మోకాళ్ల పైకి లాగారు. కాళ్ల మీద కుచ్చుళ్లుగా వేలాడే తెల్ల మేజోళ్లు వేసుకుని, అవి జారకుండా జిగురు రాసుకున్నారు. టీచరు ఎదురైతే మడతలు విప్పితే సరి!

యూనిఫాం నియమం అందరికీ తెలిసిందే కనుక దాన్ని మీరడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. టై ముడి కాస్త వదులైనా, చొక్కా అంచు బయటికొచ్చినా చూసేవాళ్లకు అర్థమైపోతుంది. ఏసీ/డీసీ రాక్ బృందం గిటారిస్టు ఆంగస్ యంగ్ 1970ల మధ్యలో అక్క మార్గరెట్ సలహాతో స్కూలు నిక్కరు, టై, టోపీ వేసుకుని వేదికెక్కాడు. బుద్ధిమంతుడి వేషంలో చెవులు హోరెత్తించే ఆ పిల్లాడి రూపం ఆయన తల నెరిశాక కూడా మారలేదు.

బడి బట్టల్లో గళ్లకు ఇంకా పాత కథ ఉంది. స్కాట్లండ్ గళ్ల బట్ట అయిన టార్టాన్‌లో రంగు నూలు పడుగులోనూ పేకలోనూ ఒకే వరసలో సాగుతుంది. ఆ దారాలు కలిసినచోట కొత్త ఛాయలు పుడతాయి. 1746లో కలోడెన్ యుద్ధంలో స్కాట్లండ్ కొండప్రాంతమైన హైల్యాండ్ తిరుగుబాటుదారులు ఓడిపోయాక, బ్రిటిష్ పార్లమెంటు ఆ ప్రాంతపు వేషధారణను మగవాళ్లకు నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరవాసం. సైనికులకు మాత్రం మినహాయింపు! అలా ఒకే రకం బట్ట రైతు ఒంటి మీద నేరం, రాజు సిపాయి ఒంటి మీద క్రమశిక్షణ అయింది. 1782లో నిషేధం ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చి తానే టార్టాన్ కిల్టు కట్టాడు. తర్వాత విక్టోరియా రాణి బల్మోరల్ కోటను ఆ గళ్లతో నింపింది. 20వ శతాబ్దంలో గళ్లు అమెరికా క్యాథలిక్ బడుల యూనిఫాంకు ఆనవాలయ్యాయి.

ఇంత మర్యాద సంపాదించిన బట్టను మళ్లీ వీధిలోకి లాగిన మనిషి డిజైనరు వివియన్ వెస్ట్‌వుడ్. ఒకప్పుడు ప్రాథమిక పాఠశాల టీచరు. 1970ల్లో లండన్ కింగ్స్ రోడ్‌లోని 430 నంబరు దుకాణంలో, భాగస్వామి మాల్కం మెక్‌లారెన్‌తో కలిసి పంక్ సంగీతపు కుర్రాళ్ల కోసం బట్టలు కుట్టింది. వాటిలో పేరుమోసింది ‘బాండేజ్’ ప్యాంటు: ఎక్కడపడితే అక్కడ జిప్పులు, ఒక మోకాలి నుంచి ఇంకో మోకాలికి కట్టిన పట్టీ. దాన్ని టార్టాన్‌తో కుట్టడంలోనే ఉంది కొంటెతనం. రాచకుటుంబం సెలవుల్లో వేసుకునే గళ్లు పిన్నీసులతో, చిరుగులతో నిరుద్యోగ యువకుల ఒంటి మీదికి చేరాయి.

1995లో మరో డిజైనరు అలెగ్జాండర్ మెక్వీన్ చిరిగిన టార్టాన్ దుస్తులతో ‘హైల్యాండ్ రేప్’ ప్రదర్శన పెట్టాడు. స్త్రీలను కించపరిచాడని విమర్శకులు మండిపడ్డారు. స్కాట్లండ్ మీద ఇంగ్లండ్ సాగించిన దౌర్జన్యమే తన విషయమని ఆ స్కాటిష్ వంశీకుడి జవాబు.

ఒక్కోసారి డిజైనరు అవసరం కూడా ఉండదు. బర్బెరీ కంపెనీ లేత గోధుమరంగు గళ్లు 1920ల నుంచి ఖరీదైన కోట్ల లోపలి అస్తరు. 2000 తర్వాత ఫుట్‌బాల్ అభిమానులు, శ్రామికవర్గ యువకులు ఆ గళ్లు తొడగడంతో కొన్ని బ్రిటిష్ పబ్బులు అవి వేసుకున్నవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆ కంపెనీ తన గళ్ల టోపీల అమ్మకమే ఆపేసింది.

ధిక్కారాన్ని వ్యవస్థ తిరిగి కలిపేసుకోవడమూ ఈ కథలో భాగమే. వెస్ట్‌వుడ్‌కు రాజ్యం 2006లో ‘డేమ్’ బిరుదు ఇచ్చింది. 2014లో వర్జిన్ అట్లాంటిక్ విమాన సిబ్బంది ఆమె గీసిన యూనిఫాం తొడిగారు: ఆడవాళ్లకు ఎరుపు, మగవాళ్లకు ముదురెరుపు. ఆమె చనిపోయిన 2022లోనే ఆ సంస్థ ఈ నియమాన్ని సడలించి, ఏ రంగు వేసుకోవాలో సిబ్బందినే ఎంచుకోమంది.