పలుచని గోడ రహస్యం

ఒక కోట ఉంది. శత్రువు వచ్చే వైపున దాని గోడ మందం 12 మీటర్ల దాకా ఉంటుంది. ఊరి వైపు గోడ మందం మాత్రం 60 సెంటీమీటర్లే! కట్టినవారికి రాళ్ళు చాలలేదా? లెక్క తప్పారా? రెండూ కాదు. ఆ సంగతి తెలియాలంటే ముందు ఆ ఊరిని చూడాలి.

క్రొయేషియా దేశంలో, మధ్యధరా సముద్రపు పాయ అయిన ఏడ్రియాటిక్ ఒడ్డున డుబ్రోవ్నిక్ అనే రేవు పట్టణం ఉంది. పూర్వం దీన్ని రగూసా అనేవారు. 1808లో ఫ్రెంచివారు రద్దు చేసేదాకా ఇది ఒక చిన్న గణరాజ్యం. ఓడల వ్యాపారంతో బాగా గడించింది. ధనం ఉన్నచోటికి దొంగచూపులు రాక మానవు కదా! అందుకే పట్టణం చుట్టూ 1,940 మీటర్ల పొడవున రాతి ప్రాకారం లేచింది. కొన్నిచోట్ల దాని ఎత్తు 25 మీటర్లు.

నిచ్చెనలు వేసుకొని ఎక్కే శత్రువును ఆపడానికి ఎత్తయిన గోడ చాలు. ఫిరంగి గుండును ఆపడానికి ఎత్తు పనికిరాదు. 1453లో తురుష్కుల ఫిరంగులు కాన్‌స్టాంటినోపుల్ గోడలను బద్దలుకొట్టాయి. ఆ కబురు విని రగూసా పెద్దలు ఉలిక్కిపడ్డారు. ఫ్లారెన్స్ నగరం నుంచి మికెలొజ్జొ అనే వాస్తుశిల్పిని రప్పించారు.

ఊరికి ఉత్తరాన మిన్చెట అనే బురుజు ఉండేది. 1319లో కట్టిన ఆ బురుజు నలుచదరం. మూలమీద గుండు తగిలితే ఏమవుతుందో ఊహించండి. మూలరాయికి రెండు పక్కలా ఆసరా ఉండదు, ఊడి పడుతుంది. గుండ్రని గోడలో అలా కాదు. బయటినుంచి దెబ్బ తగిలినప్పుడు ప్రతి రాయీ పక్కరాళ్ళను ఒత్తుకొని మరింత బిగుసుకుంటుంది. పక్కవాటుగా తగిలిన గుండు జారిపోతుంది కూడా. మికెలొజ్జొ పాత బురుజును పడగొట్టలేదు. దాని చుట్టూ 6 మీటర్ల మందాన గుండ్రని గోడ మొదలుపెట్టాడు! ఆ పనిని యురాయ్ డాల్మాటినాట్స్ అనే మరో శిల్పి 1464లో పూర్తిచేశాడు.

1667లో పెద్ద భూకంపం వచ్చి ఊరు చాలావరకు నేలమట్టమైంది. వేలమంది చనిపోయారు. ప్రాకారం మాత్రం చాలామటుకు నిలిచింది.

ఇక పలుచని గోడ సంగతి. ఆ కోట పేరు లొవ్రియెనాట్స్. పడమట, ప్రాకారానికి బయట, 37 మీటర్ల ఎత్తు కొండరాతి మీద ఉంది. అక్కడి ఫిరంగులకు ఊరంతా అందుతుంది. మరి కోట అధిపతే ఎదురుతిరిగి ఊరిమీదికి వాటిని తిప్పితే? ఆ భయంతోనే ఊరి వైపు గోడను పలుచగా కట్టించారు. ఊళ్ళోని ఫిరంగుల ముందు అది ఎంతోసేపు ఆగదు. అధికారం ఒకరి చేతిలో ఉండిపోవడం ఆ గణరాజ్యానికి ఎప్పుడూ భయమే. దాని అధ్యక్షుడి పదవీకాలం ఎంతో తెలుసా? ఒక్క నెల!