కుంపటి కనిపించే గాజుల దుకాణం

పెళ్ళి కుదిరిన ఇంట్లో బంగారం లెక్క మగవారు చూస్తారు, గాజుల లెక్క ఆడవారు చూస్తారు. ముస్తాబాద్ చుట్టుపక్కల మన కుటుంబాలలో బట్టలు సిరిసిల్లలోనో సిద్దిపేటలోనో కొన్నా, లక్క గాజుల జోడాకు మాత్రం హైదరాబాద్ వెళ్ళవలసిందే అంటారు. సాంచక్ నాడు వియ్యాలవారి ముందు తెరిచే పెట్టెలో అందరి కళ్ళూ మొదట పడేది వాటిమీదే కదా! ఈమధ్య మా బంధువుల అమ్మాయి పెళ్ళికని వారితో నేనూ బయలుదేరాను. సిద్దిపేట మీదుగా జూబ్లీ బస్‌స్టేషన్, అక్కడ మెట్రో ఎక్కి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్, ఆ తరువాత ఆటోలో చార్మినార్.

1591లో కట్టిన చార్మినార్ నుంచి పడమటికి పోయే వీధి లాడ్ బజార్. ఉర్దూలో లాడ్ అంటే గారాబం. కాదు, లక్క నుంచే ఆ పేరు వచ్చిందనేవారూ ఉన్నారు. వీధికి రెండు వైపులా అద్దాల దుకాణాలు, పట్టపగలే వెలిగే దీపాలు, "ఆయియే ఆపా" అంటూ చేతులూపే కుర్రవాళ్ళు. మేము వాటిని దాటుకుని ఒక పక్క సందులోకి వెళ్ళాము. అక్కడ నలుగురు కూర్చుంటే నిండిపోయే గది ఒకటి ఉంది. అద్దాల బీరువా లేదు. గడప దగ్గరే బొగ్గుల కుంపటి, దాని వెనుక డెబ్బయ్యేళ్ళ పెద్దాయన.

లక్క అంటే చెట్టు కార్చే బంక అని చాలామంది అనుకుంటారు. అది మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను పట్టుకుని బతికే చిన్న పురుగులు తమ మీద కప్పుకునే జిగురు. ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. దానిని కరిగించి, పొడి కలిపి, రంగు చేర్చి ముద్ద చేస్తారు. ఆ ముద్దను కుంపటి సెగకు పట్టి, చెక్కతో ఒత్తి, తీగలా సాగదీసి గుండ్రంగా వంచుతారు. లక్క మెత్తగా ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే రాళ్ళు పొదగాలి. చల్లారితే రాయి దిగదు, మళ్ళీ సెగ చూపాలి. సెగ ఎక్కువైతే గాజు ఆకారమే పోతుంది. పెద్దాయన వేళ్ళ కొసలు కాయలు కాచి నల్లబడి ఉన్నాయి.

కొలత ఆయన కంటితోనే పట్టేశారు. "బిటియా, నీకు రెండు ఆరు" అన్నారు. అంటే రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు ఆరు. రెండు నాలుగు, రెండు ఎనిమిది కూడా ఇదే లెక్క. అద్దాల దుకాణంలో చేతికి పట్టకపోతే ఇంకో పెట్టె తీస్తారు. ఇక్కడ అదే గాజును సెగకు చూపి సవరిస్తారు.

అమ్మాయి ఊరికే ఉండలేక ఒక వరుసలో రాళ్ళు లెక్కపెట్టింది. ఎనభై రెండు. అలాంటివి మూడు వరుసలు. ఎనిమిది గాజుల జోడాలో దాదాపు రెండు వేల రాళ్ళు, ఒక్కొక్కటీ వేలితో పెట్టినదే. అప్పటిదాకా సగానికి సగం బేరమాడుతున్న వాళ్ళమ్మ మాట్లాడలేదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హదీసు మనకు కంఠతా వస్తుంది గానీ, పెళ్ళి బజారులో ఎందుకో గుర్తుకు రాదు.

ఆ వేళ్ళు ఎవరివి అన్నది అసలు ప్రశ్న. 2015 జనవరిలో పాతబస్తీ భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు సోదాలు చేసి, గాజుల పనిలో ఉన్న రెండు వందలకు పైగా పిల్లలను బయటికి తెచ్చారు. చాలామంది బీహారు నుంచి తెచ్చినవారు. గాలి ఆడని గదుల్లో తెల్లవారింది మొదలు రాత్రిదాకా రాళ్ళు అతికించినవారు. బడి పంతులును కాబట్టి ఆ వయసు పిల్లల వేళ్ళు నాకు తెలుసు. పలకమీద గీత దిద్దవలసిన వేళ్ళవి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ గుర్తింపు గాజు ఏ ఊరిదో చెబుతుంది గానీ, రాయి పెట్టిన వేలు వయసెంతో చెప్పదు. అది కొనేవారే అడగాలి. అడిగితే అద్దాల దుకాణంలో "మాల్ బయటినుంచి వస్తుంది సాబ్" అన్నారు. పెద్దాయన మాత్రం లేచి లోపలి గది పరదా పక్కకు జరిపారు. భార్య, ఇద్దరు కోడళ్ళు పళ్ళేల ముందు కూర్చుని రాళ్ళు ఏరుతున్నారు. మనవడు ఏడని అడిగితే "స్కూల్‌కు పోయాడు" అన్నారు.

అమ్మాయి తల్లి దారిలో అడిగిన రెండు సంగతులు ఇతరులకూ పనికివస్తాయని రాస్తున్నాను. హనఫీ మతానుసారులు ధరించే వెండి బంగారాలకు కూడా నిసాబు చేరితే, అంటే బంగారం ఏడున్నర తులాలు, వెండి యాభై రెండున్నర తులాలు ఉంటే, జకాత్ తీస్తారు. లక్క గాజులు ఎంత ఖరీదైనవైనా ధరించే ఆమెపై వాటికి జకాత్ లేదు. అమ్మకానికి పెట్టుకున్న దుకాణదారుకు మాత్రం అవి వ్యాపార సరుకు, లెక్కలోకి వస్తాయి. రెండోది వుజూ సంగతి. గాజు వదులుగా ఉంటే చిక్కులేదు. చేతికి పట్టేసినట్టుంటే కదిలించి కింద నీరు తగిలేలా చూసుకోవాలి. వేడినీళ్ళకూ ఎండకూ లక్క మెత్తబడుతుంది గనుక వంటగదిలో తీసి పెట్టడం మంచిది.

జోడా తయారుకావడానికి అస్ర్ నమాజు దాకా పట్టింది. రమజాన్ రాత్రుల్లో సెహరీ దాకా ఆ వీధిలో కాలు పెట్టే సందు ఉండదు, అప్పుడు కుంపటి తీసి లోపల పెట్టేస్తామని పెద్దాయన చెప్పారు. పని చూసి కొనాలనుకునేవారు మిగతా నెలల్లో, పగలు పదకొండు దాటాక వెళ్ళండి. పిల్లలను కూడా వెంట తీసుకుపోండి.