ఎంపిక ఆదివారము

మార్చి నెల నడుమ వచ్చు ఒక ఆదివారము సాయంకాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అనేక విశ్వవిద్యాలయములందు విద్యార్థులు, ఆటగాండ్రు, శిక్షకులు ఒక్కచోట చేరి టెలివిజన్ తెరవైపు రెప్పవేయక చూచుచుందురు. వారు ఎదురుచూచునది ఒక పేర్ల పట్టిక. జట్ల పేర్లు ఒకదాని వెంట నొకటి చదువబడును. తమ కళాశాల పేరు వినబడిన చోట కేకలు, కౌగిలింతలు. కడవరకు వినబడని చోట నిశ్శబ్దము. నాలుగు నెలల శ్రమకు ఫలము ఆ ఒక్క గంటలో తేలిపోవును. ఆ దినమునకు అచ్చట 'ఎంపిక ఆదివారము' అని పేరు.

చిత్రమేమనగా, ఆ పట్టిక వెలువడుటకు చాలనాళ్ళు ముందుగనే అందులో ఎవరెవరి పేర్లుండునో చెప్పువారు కొందరు కలరు. వారు పంచాంగము చూచి చెప్పువారు కారు. లెక్కలు వేసి చెప్పుదురు. పట్టికలోని 68 పేర్లలో 65, 66 సరిగా చెప్పుట వారిలో పేరుగాంచినవారికి సాధారణ విషయము.

ఈ పేర్లు బాస్కెట్‌బాల్ జట్లవి. ఎత్తుగా బిగించిన వలబుట్టలో బంతిని వేయు ఈ ఆటను మన పాఠశాలలలోను ఆడుచున్నారు. 1891వ సంవత్సరము డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. చలికాలమున బయట ఆడ వీలులేని విద్యార్థులకు లోపల ఆడుకొను ఆట కావలసివచ్చెను. ఆయన పీచ్ పండ్ల బుట్టలు రెండు గోడకు కొట్టించి, 13 నియమములు వ్రాసి ఇచ్చెను. ఆ బుట్టల ఆట యిప్పుడు అమెరికా కళాశాలలకు ప్రాణప్రదమైనది.

అచ్చట మొదటి శ్రేణికి చెందిన కళాశాలా జట్లు 360కి పైగా కలవు. నవంబరు మొదలు మార్చి మొదటి వారముల వరకు ఒక్కొక్క జట్టు సుమారు 30 ఆటలు ఆడును. అన్ని జట్లు అన్ని జట్లతో ఆడుట అసాధ్యము. కావున ఇవి కూటములుగా ఏర్పడి, ఎక్కువ ఆటలు తమ కూటమిలోని వారితోనే ఆడుచుండును. జాతీయ పోటీ వీటన్నిటి తరువాత వచ్చును. దానిలో ఒకసారి ఓడిన జట్టు ఇంటికి పోవలసినదే. 1939లో ఈ జాతీయ పోటీ మొదలైనప్పుడు 8 జట్లు మాత్రమే పాల్గొనెను. కడపటి ఆటలో ఆరెగన్ జట్టు ఒహాయో స్టేట్ జట్టును 46–33 తేడాతో ఓడించెను.

ఆ తరువాత జట్ల సంఖ్య కొంత పెరిగినను, ఒక కూటమినుండి ఒకే జట్టు రావలెనను నియమము చాలకాలము నిలిచెను. నియమము చూచుటకు న్యాయముగనే కనబడును. దానిలోని లోపమును 1974వ సంవత్సరము బయటపెట్టినది. ఆ యేడు అట్లాంటిక్ తీరపు కూటమిలో నార్త్ కరోలినా స్టేట్, మేరీలాండ్ అను రెండు జట్లు దేశమంతటిలోను మేటి జట్లలో చేరినవి. మార్చి 9వ తేదీన గ్రీన్స్‌బరో నగరమున కూటమి విజేత ఎవరో తేల్చుటకు అవి తలపడెను. నిర్ణీత కాలము ముగియునప్పటికి ఇద్దరి పాయింట్లు సమానము. అదనపు కాలము ఇచ్చిరి. కట్టకడపట నార్త్ కరోలినా స్టేట్ 103, మేరీలాండ్ 100. మూడు పాయింట్ల తేడాతో ఓడిన మేరీలాండ్‌కు జాతీయ పోటీలో అడుగుపెట్టు హక్కు లేకపోయెను. గెలిచిన జట్టో, అంతకు ముందు వరుసగా ఏడేండ్లు జాతీయ విజేతగా నిలిచిన లాస్ ఏంజిలిస్ నగరపు యు.సి.ఎల్.ఎ. జట్టును సెమీఫైనలులో ఓడించి, ఆపై జాతీయ విజేత అయ్యెను. అట్టి విజేతతో సరిసమానముగా పోరాడిన జట్టు ఇంట కూర్చుండి చూడవలసివచ్చినది! మరుసటి సంవత్సరమే జట్ల సంఖ్యను 32కు పెంచి, కూటమి విజేతలు కానివారికిని చోటు కల్పించిరి. 1985లో ఆ సంఖ్య 64కు, 2001లో 65కు, 2011లో 68కి పెరిగినది.

నియమము మారుటతో ఒక కష్టము తీరి మరియొక కష్టము వచ్చినది. గెలిచినవాడెవడో ఆట చెప్పును. గెలువని వారిలో యోగ్యుడెవడో ఎవరు చెప్పవలెను? జోస్యము చెప్పువారికి పని కల్పించినది ఈ ప్రశ్నయే.

2025వ సంవత్సరపు లెక్క చూడుడు. ఆ యేడు కూటములు 31. ప్రతి కూటమి విజేతకు చోటు తనంతట తానే లభించినది. మిగిలిన 37 చోట్లకు జట్లను ఎంపిక సంఘము నిర్ణయించినది. ఈ సంఘమున 12 మంది సభ్యులుందురు. వీరు విశ్వవిద్యాలయములలో క్రీడాశాఖల అధిపతులు, కూటముల నిర్వాహకులు. ఇండియానాపొలిస్ నగరమున ఒక హోటలులో దినముల తరబడి కూర్చుండి, ఓట్లు వేసి, మరల వేసి, పట్టిక కూర్చుదురు. ఒక సభ్యుని సొంత విశ్వవిద్యాలయపు జట్టును గూర్చి చర్చ వచ్చినపుడు అతడు గది విడిచి వెలుపలికి పోవలెను.

కేవలము గెలుపులు లెక్కించినచో చాలదా యని అడుగవచ్చును. చాలదు. బలహీనులతో ఆడి పొందిన 24 గెలుపులకును, బలవంతులతో ఆడి పొందిన 18 గెలుపులకును తేడా కలదు. తరగతిలో సులభమైన ప్రశ్నపత్రమునకు వచ్చిన మార్కులను కఠినమైన పత్రమునకు వచ్చిన మార్కులతో పోల్చుట వంటిదే యిది. దీనిని సరిచేయుటకు 1981లో ఒక సూచికను వాడుకలోనికి తెచ్చిరి. దానిని ఆర్.పి.ఐ. అనిరి. జట్టు గెలుపుల పాలును నాలుగవ వంతు, దాని ప్రత్యర్థుల గెలుపుల పాలును సగము, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపుల పాలును నాలుగవ వంతు తీసికొని కూడవలెను.

ఒక ఉదాహరణము. ఒక జట్టు 30 ఆటలలో 24 గెలిచినది, అనగా 0.800. దాని ప్రత్యర్థుల పాలు 0.450, వారి ప్రత్యర్థుల పాలు 0.480 అనుకొందము. సూచిక 0.200, 0.225, 0.120 కలిపి 0.545 అగును. రెండవ జట్టు 18 మాత్రమే గెలిచినది, 0.600. కాని దాని ప్రత్యర్థుల పాలు 0.600, వారి ప్రత్యర్థులది 0.540. సూచిక 0.150, 0.300, 0.135 కలిపి 0.585. ఆరు ఆటలు తక్కువ గెలిచిన జట్టే పైన నిలిచినది. పెన్సిలు, కాగితము ఉన్నవారెవరైనను వేయగల లెక్క యిది. అందుచేతనే జోస్యము చెప్పుట పెరిగినది.

అయితే ఈ సూచికకు ఒక అవలక్షణము కలదు. దానిలో ముప్పాతిక భాగము ఇతరుల ఆటలపై ఆధారపడినది. ఎవరితో ఆడుటకు ఒప్పుకొంటిమన్నదే ప్రధానమై, ఎట్లు ఆడితిమన్నది వెనుకబడెను. 2018–19 ఆటలకాలమునుండి దానిని తొలగించి 'నెట్' అను క్రొత్త కొలతను ప్రవేశపెట్టిరి. ఇది బంతి చేతికి వచ్చిన ప్రతి అవకాశమునకు జట్టు ఎన్ని పాయింట్లు చేసినది, ఎదుటివారికి ఎన్ని ఇచ్చినది కూడ చూచును. ఇది కంప్యూటరు చేయు పని, పెన్సిలుకు అందదు.

సంఘమువారు గెలుపులను నాలుగు తరగతులుగా విభజింతురు. ప్రత్యర్థి స్థానమెంత, ఆట ఎచ్చట జరిగినది అను రెంటిని బట్టి తరగతి ఏర్పడును. సొంత ఊరిలో అయినచో మొదటి 30 స్థానములలోని జట్టును ఓడింపవలెను. ఇరువురికిని చెందని చోట మొదటి 50. ఎదుటివారి ఊరిలో మొదటి 75. ఇవి మొదటి తరగతి గెలుపులు. 60వ స్థానపు జట్టును దాని ఊరికి పోయి ఓడించుట మొదటి తరగతి. అదే జట్టును మన ఊరిలో ఓడించుట రెండవ తరగతి. సొంత జనుల కేకల నడుమ ఆడుట తేలికయని ఏ ఆటగానినడిగినను చెప్పును. కొలతకర్తలు ఆ మాటకు అంకెలు వేసిరి.

ఇక జోస్యము చెప్పువారి సంగతి. ఫిలడెల్ఫియా నగరమందలి సెయింట్ జోసెఫ్ విశ్వవిద్యాలయమున పనిచేసిన జో లునార్డీ అను నాతడు 1990 ప్రాంతములందు ఈ విద్యకు ఒక రూపము కల్పించెను. ఆటల పట్టికను అచ్చట 'బ్రాకెట్' అందురు గనుక ఈ విద్యకు 'బ్రాకెటాలజీ' అను పేరు వ్యాపించినది. 'పట్టికాశాస్త్రము' అనవచ్చును. పేరులో శాస్త్రమున్నను కొంత వేళాకోళము కూడ ఉన్నది. 2008లో ఆయన నాటి 65 జట్ల పేర్లనూ సరిగా చెప్పెను.

ఈ విద్యలోని కిటుకు ఒకటి గ్రహింపవలెను. ఏ జట్టు మంచిదో చెప్పుట జోస్యగాని పని కాదు. పన్నెండుమంది సభ్యులు ఏమి తలంతురో చెప్పుట అతని పని. పరీక్షకుని మనసు తెలిసిన విద్యార్థివంటివాడతడు. కూటమి విజేతలు ఎట్లును వత్తురు. పెద్ద జట్లు ముప్పదింటిని గూర్చి సందేహముండదు. అసలు చిక్కంతయు కడపటి అయిదారు చోట్లలోనే. ఆ చోట్లకై నిలిచిన జట్లు 'బుడగమీద ఉన్నవి' అని అచ్చటివారందురు. మన పెద్దలు జీవితమును పోల్చు నీటిబుడగయే అది. ఏ క్షణమున పగులునో తెలియదు.

బుడగను పగులగొట్టువారు ఒక్కొక్కప్పుడు ఎన్నడును అనుకొననివారై యుందురు. 2024లో నార్త్ కరోలినా స్టేట్ జట్టు మామూలు ఆటలను 17 గెలుపులు, 14 ఓటములతో ముగించినది. కడపటి నాలుగు ఆటలును ఓడినది. ఏ జోస్యగాడును దానిని తలపెట్టలేదు. కూటమి పోటీలో అది అయిదు దినములలో అయిదు ఆటలు గెలిచినది. నాలుగవ దినమున వర్జీనియాతో ఓటమి అంచున ఉండగా చివరి క్షణమున విసరిన బంతి పలకకు తగిలి బుట్టలో పడి ప్రాణము నిలిపినది. విజేత అయినందున దానికి చోటు దొరికినది. ఇట్టి జట్టును అచ్చటివారు 'చోటుదొంగ' అందురు. దొంగ అనుట అన్యాయమే. గెలిచి తెచ్చుకొన్నది దొంగసొమ్మెట్లగును? ఆ జట్టు జాతీయ పోటీలో కడపటి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచినది.

కాని ఎవరో ఒకరు ఆ చోటు పోగొట్టుకొనవలెను గదా! అదే యేడు ఇండియానా స్టేట్ జట్టు 28 గెలిచి, 6 మాత్రమే ఓడినది. 'నెట్' కొలతలో 30 లోపల ఉన్నది. అయినను తన చిన్న కూటమి కడపటి ఆటలో డ్రేక్ జట్టుచేత 84–80 తేడాతో ఓడుటచే చోటు దక్కలేదు. పెద్ద జట్లతో ఆడు అవకాశము దానికి తక్కువ. ఆ కారణమున మొదటి తరగతి గెలుపులును తక్కువ. పెద్దవారు చిన్నవారితో ఆడుటకు ఇష్టపడరు. ఓడినచో పరువు పోవును, గెలిచినచో ఒరుగునది లేదు. 1979లో లారీ బర్డ్ అను ఆటగాని నాయకత్వమున జాతీయ పోటీ ఫైనలు వరకు పోయిన కళాశాల యిది. 2024లో మాత్రము 1938నాటి పాత పోటీయగు ఎన్.ఐ.టి.తో తృప్తిపడి, దానిలో ఫైనలు చేరి, సీటన్ హాల్ చేతిలో రెండు పాయింట్లతో ఓడినది. ఆ సీటన్ హాల్ కూడ సంఘము వదలివేసిన జట్టే.

జోస్యగాండ్రు సంఘముకంటె మేలుగా ఎరుగుదురా? 2011లో వర్జీనియా కామన్వెల్త్ జట్టుకు సంఘము చోటిచ్చినప్పుడు వ్యాఖ్యాతలు మండిపడిరి. ఆ జట్టు ప్రాథమిక ఆటనుండి బయలుదేరి, వరుసగా అయిదు జట్లను ఓడించి, వాటిలో కడపటిదిగా మహాబలమైన కాన్సస్‌ను 71–61 తేడాతో పడగొట్టి సెమీఫైనలు చేరెను. సంఘము వారి మాట నిలిచినది. అయితే అది వారి తీర్పు సరియైనదని ఋజువు చేయునా? వదలివేయబడిన జట్టుకు ఆ అవకాశమే దొరకలేదు. దొరికినచో ఏమి చేసియుండెడిదో ఏ కొలతయు చెప్పజాలదు.

2025లో వివాదము మరింత పెరిగినది. వెస్ట్ వర్జీనియా జట్టు మొదటి తరగతి గెలుపులు ఆరు సాధించినది. కాన్సస్‌ను దాని ఊరిలోనే ఓడించినది. కాని కూటమి పోటీలో అట్టడుగు జట్టైన కొలరాడో చేతిలో ఓడినది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయము మొదటి తరగతి ఆటలు 13 ఆడి ఒక్కటి గెలిచినది. జోస్యగాండ్రు ఇంచుమించు అందరును వెస్ట్ వర్జీనియా పేరు వ్రాసిరి. సంఘము నార్త్ కరోలినాను చేర్చి, వెస్ట్ వర్జీనియాను వదలినది. ఆ యేటి సంఘాధ్యక్షుడు నార్త్ కరోలినా క్రీడాశాఖాధిపతియే యగుట నిప్పుకు గాలి తోడైనట్లయినది. నియమము ప్రకారము ఆ చర్చలో ఆయన పాల్గొనలేదు. అయినను వెస్ట్ వర్జీనియా గవర్నరు బహిరంగముగా ఆక్షేపించి, విచారింపుమని తన రాష్ట్రపు అటార్నీ జనరలును కోరెను.

రెండు దినముల తరువాత డేటన్ నగరమున నార్త్ కరోలినా సాన్ డియాగో స్టేట్ జట్టును 95–68తో చిత్తుచేసినది. సంఘమును మెచ్చుకొనువారు నోరు విప్పిరి. మరి మూడు దినములకు మిసిసిపీ జట్టు దానిని 71–64తో ఇంటికి పంపినది. ఇప్పుడు ఎదుటి పక్షము వారి వంతు వచ్చినది. ఏప్రిల్ 7వ తేదీన ఫ్లోరిడా జట్టు హ్యూస్టన్‌ను 65–63తో ఓడించి విజేతగా నిలువగా, జోస్యము చెప్పువారు ఒక ప్రక్క 2026వ సంవత్సరపు పట్టికను వ్రాయ మొదలిడిరి.