హాళీ అప్పు, ఆఫీసర్ బాండు

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో కొత్తగా చేరే ఆఫీసర్ల చేత చాలాచోట్ల ఒక బాండు రాయించుకుంటారు. ఇన్నేళ్లు పనిచేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత సొమ్ము కడతాను అన్నది దాని సారాంశం. సొమ్ము, గడువు బ్యాంకును బట్టి మారతాయి. పిల్లలకు అలాంటి నియామక పత్రం వచ్చిన ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు అంటూనే ఉంటారు: "ఇదేం వెట్టిరా, నచ్చకపోతే మానుకునే హక్కు కూడా లేదా?"

అడగవలసిన ప్రశ్నే. జవాబు కావాలంటే చట్టం ఎక్కడెక్కడి నుంచి వస్తుంది, ఇద్దరి మధ్య మాట ఎప్పుడు కాంట్రాక్టు అవుతుంది అన్న రెండు సంగతులు తెలియాలి. నిర్వచనాలతో మొదలుపెడితే నిద్ర వస్తుంది. అందుకే మనుషుల్ని నిజంగానే అప్పుతో కట్టిపడేసిన ఒక ప్రాంతంతో మొదలుపెడదాం.

సూరత్ జిల్లాలోని బార్డోలీ పేరు వినగానే మనకు 1928 సత్యాగ్రహం, వల్లభ్‌భాయ్ పటేల్ గుర్తుకొస్తారు. సుమారు 22 శాతం పెంచిన భూమిశిస్తును రైతులు కట్టం అన్నారు. చివరికి ప్రభుత్వం విచారణ జరిపించింది, పెంపు 6 శాతం పైచిలుకుకు దిగింది. పటేల్‌కు సర్దార్ అన్న పిలుపు స్థిరపడింది అక్కడే. అయితే శిస్తు కట్టడానికి భూమి ఉండాలి కదా. ఆ భూముల్లో నాగలి పట్టిన దుబ్లా కులస్థులకు భూమి లేదు. వారిలో చాలామంది హాళీలు. హలం అంటే నాగలి, హాళీ అంటే దున్నేవాడు. యజమానిని ధణియామో అనేవారు. తర్వాతి కాలంలో దుబ్లాలను గౌరవంగా హళపతులు అనడం మొదలైంది.

హాళీ కావడానికి దారి సాధారణంగా పెళ్లి ఖర్చే. కుర్రవాడికి పెళ్లి చేయడానికి డబ్బు ఉండదు, భూమి ఉన్న ఆసామి ఇస్తాడు. అప్పు తీరేదాకా ఆ ఇంటి పొలంలోనే పని. కూలి కింద తిండిగింజలు, బట్ట, గుడిసె వేసుకోవడానికి ఇంత చోటు. భార్య ఆసామి ఇంట్లో చాకిరి చేస్తుంది. జబ్బు చేసినా, పురుడు వచ్చినా మళ్లీ ఆసామి దగ్గరికే పోవాలి, అది కూడా ఖాతాకు ఎక్కుతుంది. కూలిలోంచి అప్పు తీరేంత మిగలదు. కొడుక్కి పెళ్లీడు వస్తే వాడూ అదే గడప తొక్కుతాడు.

చూడటానికి ఇందులో కాంట్రాక్టు లక్షణాలన్నీ ఉన్నట్టే ఉంటాయి. ఒకరు అడిగారు, మరొకరు ఇచ్చారు. సొమ్ముకు బదులు పని, అంటే ప్రతిఫలం కూడా ఉంది. మరి అది కాంట్రాక్టేనా?

1872 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న భారత కాంట్రాక్టు చట్టం ఈ ప్రశ్న దగ్గరే గీత గీసింది. ఒకరు ప్రతిపాదించి మరొకరు ఒప్పుకుంటే, ప్రతిఫలం ఉంటే అది ఒడంబడిక అవుతుంది. కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోగలిగితేనే కాంట్రాక్టు. పదో సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలకూ ఒప్పుకునే అర్హత, అంటే మేజరు వయసు, సరైన మతి ఉండాలి. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ప్రతిఫలం, ఉద్దేశం చట్టబద్ధం కావాలి. బలప్రయోగం, మోసం మాత్రమే కాదు, పైచేయి ఉన్నవాడు ఆ పలుకుబడిని వాడుకుని అన్యాయమైన లాభం పొందినా సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినట్టు కాదు. ఇది పదహారో సెక్షన్. ప్రజాహితానికి విరుద్ధమైన ఒడంబడిక చెల్లదన్నది ఇరవై మూడో సెక్షన్.

తండ్రి మాట కొడుకును కట్టేస్తుందా అన్నదానికీ జవాబు అందులోనే ఉంది. మనిషి పోతే అతని అప్పు వారసులకు దిగుతుంది, కానీ వారికి సంక్రమించిన ఆస్తి మేరకే. సొంత నైపుణ్యంతో, సొంత ఒంటితో చేయవలసిన పని మాత్రం మనిషితోనే ముగిసిపోతుంది. చట్టం ముప్పై ఏడో సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ చిత్రకారుడిది: బొమ్మ వేసిస్తానన్నవాడు గడువులోపు చనిపోతే వారసుల చేత ఆ బొమ్మ వేయించలేరు. బొమ్మ విషయంలో ఇంత తేటగా ఉన్న సూత్రం నాగలి దగ్గర మాత్రం పనిచేయలేదు. ఎందుకంటే హాళీ ఏ కోర్టుకూ వెళ్లలేదు. అతన్ని పట్టి ఉంచింది కాగితం కాదు, ఆచారం.

ఆచారం కూడా చట్టానికి ఒక మూలమే. వ్యాపార ఆచారాలను కాంట్రాక్టు చట్టం మొదటి సెక్షన్‌లోనే గుర్తించింది, అయితే ఈ చట్టానికి విరుద్ధం కానంతవరకే అని షరతు పెట్టింది. ఆచారం కంటే శాసనం పైన. శాసనం కంటే రాజ్యాంగం పైన. పదమూడో అధికరణం ప్రకారం ప్రాథమిక హక్కులకు అడ్డొచ్చే చట్టం చెల్లదు, ఆ లెక్కలో ఆచారం కూడా చట్టమే. ఇరవై మూడో అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. కాబట్టి 1950 జనవరి 26తోనే హాళీ ఆచారానికి నిలబడే చోటు పోయింది. పొలంలో మాత్రం పోలేదు. నిషేధించడం ఒక ఎత్తు, అప్పు ఏమవుతుంది, విడిపించేదెవరు, శిక్ష ఎంత అని రాసిపెట్టడం మరో ఎత్తు. ఆ పనికి పాతికేళ్లు పట్టింది.

వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబర్ 25 నుంచి అమల్లోకి వచ్చినట్టుగా. దేశంలో ఏ ప్రాంతంలో ఈ పద్ధతిని ఏమని పిలుస్తారో ఆ చట్టం రెండో సెక్షన్‌లో ఒక జాబితా ఉంది. బార్డోలీ వైపు హాళీ పక్కనే మన పేర్లూ కనిపిస్తాయి: జీత, పాలేరు, వెట్టి, తెలంగాణలో విన్న భగేలా. పేర్లు వేరు, పద్ధతి ఒకటే. ఆ చట్టంతో ఇలాంటి ఒడంబడికలన్నీ, ఆచారాలన్నీ రద్దయ్యాయి, అప్పు కూడా రద్దయింది. రద్దయిన అప్పు కింద పైసా పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు. ఇది వెట్టి అప్పు కాదని వాదించేవాడే రుజువు చేసుకోవాలి. మామూలుగా నిందించేవాడిపై ఉండే భారం ఇక్కడ తిరగబడింది.

చట్టానికి మరో మూలం తీర్పులు. సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని 141వ అధికరణం. ఆసియా క్రీడల నిర్మాణ కూలీల విషయంలో 1982లో ఆ కోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఆకలి వల్ల, గత్యంతరం లేక కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడం కూడా బలవంతపు చాకిరే. కర్ర పట్టుకున్నవాడు ఎదురుగా ఉండనక్కర్లేదు.

ఇప్పుడు మన ఇంటి బాండుకు వద్దాం. అచ్చంగా ఇదే ప్రశ్న విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడేళ్లు పనిచేయాలి, లేదా 2 లక్షల రూపాయలు కట్టాలి అన్న షరతుపై చేరిన ఒక అధికారి 2009లో వేరే బ్యాంకుకు మారుతూ, అభ్యంతరం చెబుతూనే ఆ సొమ్ము కట్టి కోర్టుకెక్కారు. కర్ణాటక హైకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. 2025 మే 14న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి బాండు చెల్లుతుందంది. ఈలోగా విజయా బ్యాంకే 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది, అది వేరే సంగతి.

కోర్టు చూపిన కారణాలు తెలుసుకోదగ్గవి. ఆంక్ష ఉద్యోగంలో ఉన్నంతకాలానికే, మానేశాక ఎక్కడైనా చేరవచ్చు, కనుక వృత్తికి అడ్డు తగిలినట్టు కాదు. ప్రభుత్వ రంగ సంస్థ బహిరంగ ప్రకటన ఇచ్చి, పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకోవాలి, ఒకరు మధ్యలో పోతే ఆ ఖర్చంతా మళ్లీ మొదలు. ఆ హోదా జీతానికి 2 లక్షలు రాజీనామాను అసాధ్యం చేసేంత మొత్తం కాదు. అంటే ఎంత రాసుకున్నా చెల్లుతుందని ఈ తీర్పు అర్థం కాదు. సంతకం పెట్టడం తప్ప బేరమాడే వీలులేని అచ్చు కాగితాల్లో అన్యాయమైన షరతు ఉంటే కోర్టు పక్కన పెట్టగలదని 1986 నుంచే తీర్పులున్నాయి.

కనుక ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పవలసిన తేడా ఇది: బాండులో తలుపు ఉంది, దానికి ముందే తెలిసిన ఒక ధర ఉంది. హాళీకి తలుపే లేదు. మన అబ్బాయి మూడో నెలలో మానేస్తే బ్యాంకు డబ్బు అడగగలదు, పట్టుకొచ్చి కౌంటరులో కూర్చోబెట్టలేదు. బాండులో సొమ్ము రాసి ఉన్నా, డెబ్బై నాలుగో సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, ఆ అంకెకు మించకుండా.

ఒక్క జాగ్రత్త. బాండు కింద తండ్రి పేరు ఎక్కడ ఉందో చూసుకోండి. సాక్షిగా పెట్టిన సంతకం వేరు, హామీదారుగా పెట్టినది వేరు. ఒప్పందంలో మరోలా లేకపోతే హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానమని నూట ఇరవై ఎనిమిదో సెక్షన్. అబ్బాయిని అడిగాకే మిమ్మల్ని అడగాలన్న నియమం లేదు.

బార్డోలీ చుట్టూ ఇప్పుడు ఎక్కడ చూసినా చెరకు. కోత కాలానికి డాంగ్స్ నుంచి, ఖాందేశ్ నుంచి కూలీలు ముకద్దముల దగ్గర ముందుగా బయానా తీసుకుని వస్తారు. బయానా తీసుకోవడం నేరం కాదు, ఇవ్వడమూ కాదు. మానేసి వెళ్లిపోగల స్వేచ్ఛ ఆ కూలీకి ఉందా, లేదా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. దాన్ని కనిపెట్టి చూడటానికి ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలని 1976 చట్టం చెబుతుంది, అందులో ఒక కుర్చీ ఆర్థిక, రుణ సంస్థల ప్రతినిధిది. మనలో ఎవరైనా ఆ కుర్చీలో కూర్చోవచ్చు. విడుదలైన కూలీకి తగినంత రుణం అందేలా చూడటం ఆ కమిటీ పనుల్లో ఒకటి. అతను దరఖాస్తుతో వచ్చినప్పుడు వెనక ఒక పెద్దమనిషి నిలబడి, ఇతను నాకే ఇంకా బాకీ ఉన్నాడని చెప్పవచ్చు. చట్టం దృష్టిలో ఆ బాకీ లేదు.